ఒకటి నుంచి పది దాకా

నొప్పి ఎంత, ఒకటి నుంచి పది దాకా చెప్పమన్నాడు
డండీలో, హిల్‌టౌన్ ఎత్తు మీద, వాన కారే కిటికీ పక్కన.
పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు,
గుంజడం వేరు, జివ్వుమనడం వేరని
ఇంట్లో ఆడవాళ్ళ కాళ్ళు పిసుకుతూ నేర్చుకున్నదాన్ని.
అరికాళ్ళ తిమ్మిరికి అంకె ఎక్కణ్ణుంచి తెచ్చేది?
ఆరు, అన్నాను.
ఎందుకో ఆరు మర్యాదగా అనిపించింది.

అతను చెడ్డవాడు కాదు.
టిష్యూ కాగితాల పెట్టె నా వైపు జరిపాడు.
అయినవాళ్ళకి దూరంగా ఉన్నారు కదా, అన్నాడు.
శీతాకాలం ఇక్కడ మూడున్నరకే చీకటి, అన్నాడు.
ఆందోళన, అని రాశాడు.
నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు నచ్చింది.
ఉంది మరి ఆందోళన. వీసా ఉంది, అద్దె ఉంది,
కేర్ హోమ్ లాండ్రీలో రాత్రి షిఫ్టు ఉంది.
ఏ తాళానికైనా పట్టే తాళంచెవి అది.

పద్నాలుగు నెలలు తెల్లబిళ్ళ మింగాను.
దుప్పటి మడతపెడుతూ సగంలో ఆగి
తర్వాతి మడత ఎటో మరిచిపోయేదాన్ని.
జూన్‌లో ఒక కాలి చెప్పు బస్సులో జారిపోతే
ఇంటికొచ్చి తడిసిన మేజోడు చూశాకే తెలిసింది.
అదీ ఆందోళనే అనుకున్నాను.
పాలగిన్నె దొర్లించిన పిల్లిని తిట్టినట్టు
నా మనసుని నేనే తిట్టుకున్నాను.
ఫోన్లో వకుళ అడిగితే "కులాసా" అన్నాను,
నాలుక మండిపోతుంటే ఇంకో మాట పలకలేక.

కనిపెట్టింది డాక్టరు కాదు.
రక్తం తీసే మోరాగ్, అరవై దాటిన మనిషి,
"ఏదీ తల్లీ, నాలుక చాపు" అంది.
అలాంటిదేదో అంది, ఆవిడ యాస నాకు సగమే తెలుస్తుంది.
గరుకన్నది లేదట. ఎర్రగా, నున్నగా,
కడిగిపెట్టిన చేపముక్కలా.
వాళ్ళ మేనత్తకి ఇలాగే ఉండేదట.
ఎవర్నీ అడక్కుండా ఇంకో గొట్టం నింపింది.

ఒక విటమిన్, అంతే.
కడుపు దాన్ని పట్టుకోవడం ఎప్పుడో మానేసింది.
ఇంత చిన్నదానికా అని నవ్వొచ్చింది.
ఆ రాత్రి డ్రయ్యర్లన్నీ ఒక్కసారే వేసి
ఆ రొదలో గొంతెత్తి ఏడ్చాను.
ఆందోళన కాదు, కోపం.
తేడా తెలిసింది.

సూదిమందు ఎర్రగా ఉంటుంది, గోంగూర కాడ రంగు.
రోజు విడిచి రోజు, భుజం మార్చి భుజం.
తగ్గడమంటే హాయి అనుకున్నాను.
తిమ్మిరెక్కిన కాలు లేస్తున్నట్టే,
కాకపోతే లేవడానికి నెలలు పట్టింది.
ఒక తెల్లవారుజామున స్నానాలగదిలో
గచ్చు చల్లగా తగిలింది, కుడికాలికి మాత్రం.
షవర్ నీళ్ళు వేడెక్కి, మళ్ళీ చల్లారేదాకా
అలాగే నిలబడ్డాను.
మంచం కోడుకి బొటనవేలు కొట్టుకున్న రోజైతే
అబ్బా అని అరిచి, వంగి, ఆ కోడుకే మొక్కాను.

క్లినిక్ నుంచి ఉత్తరం వచ్చింది.
అసౌకర్యానికి చింతిస్తున్నారు.
పసుపులేటిలో "లేటి" ఎగిరిపోయింది.
వెనక తెల్లగా ఉంటే
పాలు, ఉల్లిపాయలు, బట్టల సబ్బు అని రాసుకున్నాను.

ఆదివారాలు లా కొండ ఎక్కుతాను, సగం దాకా.
సగంలో బెంచీ ఉంది, పోయిన ఎవరావిడదో పేరుతో.
కింద టే నది, రైలు వంతెన,
సముద్రం మీంచి పాకి వచ్చే పొగమంచు.
గుండె దడదడమంటే
ఎత్తు ఎక్కినందుకా, లేక ఆ పాత మాట నిజమేనా అని
ఆగి వెతుక్కుంటాను.
ఊరికే సంతోషం కలిగినా సరే
దీనికీ ఒక రక్తపరీక్ష ఉంటే బాగుండు అనిపిస్తుంది.

ఎడమకాలి చిటికెనవేలు ఇంకా రాలేదు.
రాకపోవచ్చు కూడానట.
మొన్న సూది గుచ్చుతూ మోరాగ్ అడిగింది, ఎలా ఉందది అని.
అంకె చెప్పలేదు.
తిమ్మిరి, అన్నాను.
టిమ్మరీ, అని నోట్లో తిప్పుకుని,
పెన్ను తీసి, స్పెల్లింగ్ అడిగింది.
ఎమ్‌లు రెండు, అన్నాను.